డిష్ సరిచేస్తానన్న మేనకోడలికి

అమ్మా చిన్నీ,

గాలికి కదిలిన డిష్‌ను నువ్వే డాబా ఎక్కి సరిచేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన పిల్ల స్పానరు పట్టిందని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది.

ముందు సెట్‌టాప్ బాక్స్ స్విచ్ ఆపు. ఆ వైరులోంచే ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్ ముందు సిగ్నల్ అందుకుని పెంచే చిన్న డబ్బాకి, కరెంటు వెళ్తుంది. ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. సోంపేట నుంచి చూస్తే దక్షిణానికి కాస్త తూర్పుగా, బాగా ఎత్తులో అన్నమాట. కానీ డిష్ ముట్టుకోకముందే వైరు జాయింట్లు విప్పి చూడు.

1993లో విజయనగరంలో మనింటి టీవీలో విశాఖ దూరదర్శన్ అంతా చుక్కలే. సిగ్నల్ చాలట్లేదని బూస్టర్ కొని టీవీ వెనకే బిగించాను. బొమ్మతో పాటు చుక్కలూ పెరిగాయి. బూస్టర్ పైన, యాంటెన్నా పక్కనే ఉండాలని తెలియదు. ఇంకా పెద్దది కొన్నాను. మీ అమ్మ పుస్తకాల డబ్బు దానికే పోయింది. అదీ పనిచెయ్యక, యాంటెన్నా ఎత్తు పెంచాలని ఇరవై అడుగుల ఇనుప పైపు తెచ్చి, చినుకుల్లో ఒక్కణ్ణే నిలబెట్టబోయాను. గాలికి పైపు వీధి వైపు ఒరిగింది. కరెంటు తీగకు జానెడు దూరంలో ఆగింది. కింద నుంచి మీ అమ్మ కెవ్వున కేకేసింది. అప్పటికి దానికి పన్నెండేళ్లు. పైపును వెనక్కి ఎలా లాగానో ఇప్పటికీ గుర్తులేదు.

మర్నాడు షాపాయన వచ్చి యాంటెన్నా దగ్గరి జాయింటుకు చుట్టిన టేపు విప్పితే చెంచాడు నీళ్లు కారాయి. లోపలి రాగి తీగ పచ్చగా చిలుము పట్టి, పట్టుకోగానే విరిగిపోయింది. ఆ ముక్క కోసేసి కొత్తగా కలిపాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. రెండు బూస్టర్లూ తీసి నా చేతిలో పెట్టాడు.

మీది సముద్రపు గాలి, తీగ ఇంకా తొందరగా పాడవుతుంది. పచ్చగా కనిపిస్తే మంచి రాగి వచ్చేదాకా కోసి, కొత్త కనెక్టర్ వేసి, టేపు గట్టిగా చుట్టు. జాయింటు కింద వైరును కాస్త వంపుగా వదులు, వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. ఎవరైనా బూస్టర్ అమ్మజూపితే వద్దను. ఎల్‌ఎన్‌బీ చేసేది ఆ పనే.

మీ డాబా వీధి మూలకు కరెంటు తీగ బాగా దగ్గర. సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. అటు మాత్రం వెళ్లకు తల్లీ. ఆదివారం దాకా ఆగితే పొద్దుటి రైలుకు వచ్చేస్తాను. నువ్వే ఎక్కుదువు, నిచ్చెన నేను పట్టుకుంటాను. మీ అమ్మ టీవీ ముందు నిలబడి "వచ్చింది, వచ్చింది" అని కేకేస్తుంది.

మీ మావయ్య