ఢిల్లీ సదస్సుకు వెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఢిల్లీలో జరిగే నర్సింగ్ లీడర్‌షిప్ సదస్సుకు మీ ఆసుపత్రి తరఫున నిన్ను పంపుతున్నారని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మా రోజుల్లో ఇలాంటి సభలంటే మేట్రన్లే వెళ్లేవాళ్లు, వార్డులో హెడ్ నర్సును అడిగే నాథుడే లేడు. ఇప్పుడు హెడ్ నర్సువై నువ్వు వెళ్తున్నావు. ఎంత గర్వంగా ఉందో అంత టెన్షన్‌గానూ ఉంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

డ్యూటీ మీదే వెళ్తున్నట్టు ఇచ్చే ఓడీ ఆర్డరు చేతికి వచ్చాకే టికెట్ కొను. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు దొరుకుతుందేమో చూడు. నర్సుల నిరంతర శిక్షణకు ఇచ్చే సీఎన్‌ఈ సర్టిఫికెట్ మీద నీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే చూసుకో. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఐదేళ్లలో 150 గంటల శిక్షణ చూపించమంటుంది నర్సింగ్ కౌన్సిల్, ఇంటికొచ్చాక తప్పులు దిద్దించడం నీ వల్ల కాదు. ఆవకాయ సీసాను రెండు కవర్లలో చుట్టు.

మత్తుమందుల బీరువా తాళం మాత్రం పొరపాటున కూడా నీ హ్యాండ్‌బ్యాగులో ఢిల్లీ ఎక్కకూడదు. ఛార్జ్ ఎవరికిస్తున్నావో వాళ్లను పక్కన నిలబెట్టుకుని ఒక్కో ఆంప్యూల్ లెక్కపెట్టించి, రిజిస్టరులో ఇద్దరూ సంతకాలు చేసి, తాళం వాళ్ల చేతిలో పెట్టాకే గేటు దాటు. అర్ధరాత్రి నొప్పితో అరిచే రోగికి నీ సదస్సు సంగతి తెలియదు.

ఇక అసలు సంగతి. మా ఆసుపత్రిలో నాకంటే సీనియర్ ఒకావిడ ఉండేది. ఆవిడ సూది వేస్తే పిల్లలు ఏడవడం మర్చిపోయేవాళ్లు, అంత మంచి చెయ్యి. ఒకసారి ఇలాంటి సభకే వెళ్లొచ్చింది. డ్యూటీ మారేటప్పుడు కౌంటరు దగ్గర కాకుండా రోగి మంచం పక్కనే నిలబడి వచ్చే నర్సుకు రోగి సంగతులు అప్పజెప్పే, అంటే హ్యాండోవర్ ఇచ్చే పద్ధతిని అక్కడ ఒక కార్పొరేట్ ఆసుపత్రి వాళ్లు చూపించారట. చాలా మంచి పద్ధతి, నేను ఇప్పటికీ అదే అంటాను. సెలైన్ ఎంత మిగిలిందో, కట్టు తడిసిందో లేదో కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సు కళ్లారా చూసుకుంటుంది. రోగి కూడా తన మాట చెప్పుకోగలడు. ఆవిడకు అది ఎంత నచ్చిందంటే, రైలు దిగిన మర్నాడే "ఇవాళ్టి నుంచి మన వార్డులోనూ ఇంతే" అని ఆర్డరు వేసేసింది.

ఆ కార్పొరేట్ వార్డులో నర్సుకు నలుగురో ఐదుగురో రోగులు, మంచానికీ మంచానికీ మధ్య తెరలు. మాది మగవాళ్ల మెడికల్ వార్డు. మంచాలు నిండి నేల మీద కూడా పరుపులు వేసేవాళ్లం. రాత్రి డ్యూటీకి ఇద్దరే నర్సులు. ఒక్కొక్కరి దగ్గర రెండు నిమిషాలు ఆగినా గంట దాటిపోయేది. నైట్ చేసిన పిల్లలకు ఊరి బస్సులు తప్పిపోయి గొణగడం మొదలైంది. అంతవరకే అయితే సర్దుకుపోయేది. ఆ వారంలోనే ఒక పొద్దున, కేస్ షీటు పైకి చదువుతుంటే ఒక కుర్రాడికి హెచ్‌ఐవీ ఉన్న సంగతి చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడింది. పక్క మంచం అటెండెంట్లది ఆ కుర్రాడి ఊరే. మధ్యాహ్నానికి వాళ్లు తమ మంచాన్ని గోడవైపు లాక్కున్నారు. మర్నాడు ఆ కుర్రాడు లేడు. మందులు కూడా తీసుకోకుండా, ఎవరితో చెప్పకుండా వెళ్లిపోయాడు. లాకర్లో సగం తిన్న బ్రెడ్డు ప్యాకెట్టు, స్టీలు గ్లాసు ఉన్నాయి. వస్తాడేమోనని ఆవిడ ఆ గ్లాసు కడిగి స్టాఫ్ రూములో పెట్టింది. రాలేదు.

రోగి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. అప్పటికి అదీ లేదు. ఎవరూ ఆవిడను శిక్షించలేదు. కానీ ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆవిడ ఏ మీటింగులోనూ కొత్త మాట ఎత్తలేదు. అంత తెలిసిన మనిషి నోరు మూతపడిపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, తల్లీ. ఆ పద్ధతి నడిచిన చోటు ఎలాంటిదో ఆవిడ అడిగి ఉంటే చాలు.

కొత్త పద్ధతి చూపించేవాళ్లను నువ్వు అడుగు. మీ వార్డులో మంచాలెన్ని? రాత్రిపూట ఎంతమంది ఉంటారు? మొదట్లో ఎక్కడ బెడిసికొట్టింది? ఎవరు ఒప్పుకోలేదు, వాళ్లతో ఏం మాట్లాడారు? కౌన్సిల్ లెక్కలో జనరల్ వార్డుకు టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా చోట్ల ఐదుగురికి ఒకరు. నీ వార్డు లెక్కేమిటో నీకు తెలుసు. ఆ లెక్క మనసులో పెట్టుకుని ప్రతి స్లైడూ చూడు. బెడిసికొట్టిన సంగతులు వేదిక మీద ఎవరూ చెప్పరు, టీ క్యూలో చెబుతారు. అందుకే మనవాళ్లంతా ఒకే బల్ల దగ్గర చేరి తెలుగులో కబుర్లు చెప్పుకుంటూ కూర్చోకండి. ఒడిశా నుంచో కేరళ నుంచో వచ్చిన జిల్లా ఆసుపత్రి నర్సుల పక్కన కూర్చో. నీ కష్టమే వాళ్లదీ.

"నా ఇంగ్లీషు బాగోదు పెద్దమ్మా" అని వెనక వరసలో నక్కావో, ఊరుకోను. నాతో ఆసుపత్రికి వచ్చిన రోజు గుర్తుందా? గౌను వేసుకున్నంత పిల్లవి, రౌండ్స్‌కు వచ్చిన సర్జన్‌కు అడ్డం నిలబడి "ఈ తాతకు అన్నం ఎప్పుడు పెడతారు?" అని నిలదీశావు. ఆయన ఆగి, వంగి నీకు జవాబు చెప్పాడు. ఆ గొంతే ఇప్పుడూ కావాలి.

వెళ్లేముందు నీ స్టాఫ్‌ను ఒక్క మాట అడుగు, ఏ సమస్యకు మందు తెమ్మంటారో. పోయినసారి వచ్చినప్పుడు ఆర్థో వార్డులో మంచం పుండ్లు తగ్గడం లేదన్నావు. రోగిని రెండు గంటలకోసారి తిప్పాలని అందరికీ తెలుసు, తిప్పడానికి చేతులు చాలకే కదా బాధ. ఇద్దరు నర్సులతో ఆ పని ఎవరు ఎలా చేయిస్తున్నారో కనుక్కో. అటెండెంట్లకు నేర్పిస్తున్నారా? గోడ మీద చార్టు పెట్టారా? నింపేదెవరు? ఇదొక్కటి తెచ్చినా నీ ప్రయాణం ఖర్చు గిట్టినట్టే.

తిరిగొచ్చిన రోజే ఏమీ మార్చకు. నీ మాటకు అడ్డం చెప్పే ఆ సీనియర్ స్టాఫ్ నర్సును ముందు పిలిచి, ఇక్కడ ఇది ఎందుకు నడవదో చెప్పమను. ఆమె చెప్పినవన్నీ రాసుకో. తర్వాత నాలుగు మంచాల దగ్గర, ఆమెతో కలిసే మొదలుపెట్టు.

ప్రయాణ ఖర్చుల టీఏ బిల్లు శాంక్షన్ అయ్యేదాకా నీ చేతిలో డబ్బు ఆడదు. మీ అమ్మ దగ్గర ఐదు వేలు ఇచ్చి ఉంచాను, వద్దనకుండా తీసుకో. చేరగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ పెద్దమ్మ