బాడీ ఎత్తి చూశాకే బయానా: కిట్ కార్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఏసీ కోబ్రా 427 (1960ల నాటి స్పోర్ట్స్ కారు) నమూనా కిట్ (విడిభాగాలుగా కొని మనమే కట్టుకునే కారు) ఒకటి సగం కట్టి వదిలేసింది అమ్మకానికి వచ్చింది. కొత్త కిట్ ధరలో సగం అడుగుతున్నారు. ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద బాడీ బిగించి ఉంది. ఇంజిన్, గేర్‌బాక్స్ లేవు. చిన్న సామానంతా అట్టపెట్టెల్లో ఉంది. కొనవచ్చా?

జవాబు: కొనవచ్చు, కానీ ముందు కాగితాలు చూడండి. తయారీదారు ఇచ్చిన అమ్మకపు రసీదు, తయారీ ధ్రువపత్రం, ఛాసిస్ మీది నంబరు, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే ఎంత చవకైనా వదిలేయండి, ఆ బండి షెడ్డు దాటదు. మీ ప్రాంతపు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో కిట్ కారుకు వర్తించే నిబంధనలు కూడా బయానా ఇవ్వక ముందే కనుక్కోవాలి. ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి ఉంటుంది. బ్రిటన్‌లో జరిపే ఐవీఏ (ఒక్కో బండిని విడిగా చూసి ఆమోదించే) పరీక్షలో బయటికి పొడుచుకొచ్చిన అంచుల గుండ్రదనం కూడా కొలుస్తారు. 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే పదునుగా ఉంటే ఒప్పుకోరు. ఇలాంటివి చివర్లో తెలిస్తే రంగు వేసిన బాడీని మళ్లీ గీకాల్సి వస్తుంది.

తర్వాత ఛాసిస్. అసలు 427లో 4 అంగుళాల వ్యాసం గల రెండు గుండ్రటి గొట్టాలు ప్రధానం, అంతకుముందు వచ్చిన ఆకు స్ప్రింగుల కోబ్రాల్లో అవి 3 అంగుళాలే. రెండింటి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 90 అంగుళాలు. చాలా కిట్లలో చదరపు గొట్టాలు వాడతారు. అది లోపం కాదు, అతుకులు ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం. బాడీని నలుగురు కలిసి ఎత్తవచ్చు. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే అనుమానించాల్సిందే. ముందు ఎడమ సస్పెన్షన్ బోల్టు నుంచి వెనక కుడి బోల్టుకు, ఆపైన ముందు కుడి బోల్టు నుంచి వెనక ఎడమ బోల్టుకు టేపుతో కొలవండి. రెండు కొలతల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఛాసిస్ వంకర పోయినట్టే. వెల్డింగును గ్రైండరుతో చదును చేసి పైన పూత పూసి ఉంటే అక్కడ ఏం దాచారో అడగండి. గొట్టాల అట్టడుగు చివర్లను చిన్న సుత్తితో తట్టండి. నీరు నిలిచి లోపల తుప్పు తిన్న చోట ఖణేల్‌మనే మోత బదులు మందమైన చప్పుడు వస్తుంది.

పెట్టెల సంగతి: తయారీదారు ఇచ్చిన సామాన్ల జాబితా తెప్పించుకుని ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టండి. బోల్టులు పోతే ఎక్కడైనా దొరుకుతాయి. ముందు అద్దం ఫ్రేము, తలుపుల కీళ్లు, బానెట్ కీళ్లు, వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్ట) పోతే చిక్కు. కోబ్రా బాడీలు ఒక్కో తయారీదారు అచ్చుకు ఒక్కో వంపులో ఉంటాయి కాబట్టి ఒకరి అద్దం ఫ్రేము ఇంకొకరి బాడీకి సరిగ్గా కూర్చోదు. ఇక ఇంజిన్, గేర్‌బాక్స్, చక్రాలు, టైర్లు, రంగు, సీట్ల పని అన్నీ కలిపితే ఖర్చు తరచూ కిట్ ధరను దాటిపోతుంది. ‘సగం ధర’ అన్న మాటను ఆ లెక్కలో చూడండి.

ప్రశ్న: పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ ఫ్లోర్‌పాన్ (బండి అడుగు రేకు చట్రం) మీద పోర్షే 356 స్పీడ్‌స్టర్ బాడీ కూర్చోబెట్టే కిట్ తీసుకుందామనుకుంటున్నాను. ఎలాంటి బీటిల్ వెతకాలి?

జవాబు: బీటిల్ వీల్‌బేస్ సుమారు 2,400 మిల్లీమీటర్లు, 356ది 2,100. అందుకే ఈ కిట్లలో చాలావాటికి ఫ్లోర్‌పాన్‌ను మధ్యలో దాదాపు 300 మిల్లీమీటర్లు కోసి మళ్లీ వెల్డ్ చేయాలి. ఎక్కడ కోయాలో, సరిగ్గా ఎంత కోయాలో మీ కిట్ పుస్తకంలో ఉన్నదే పాటించండి. కోసేది రేకు ఒక్కటే కాదు. మధ్య సొరంగంలో గేరు రాడ్డు, క్లచ్ కేబుల్ గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్ గొట్టం, పెట్రోలు పైపు ఉంటాయి. పెట్రోలు పైపు ఖాళీ చేసి, ఆవిరంతా పోయాకే కోత మొదలుపెట్టాలి. గొట్టాలను అతికించేటప్పుడు లోపల అంచు మిగిలిపోతే క్లచ్ కేబుల్ అక్కడే రాపిడికి తెగుతుంది. కాబట్టి అతుకు వేయగానే సన్నటి తీగ దూర్చి చూసుకోండి.

బీటిల్ ఎంపికలో మాది ఒకటే సలహా. వెనక స్వింగ్ యాక్సిల్ (లోపలి చివర మాత్రమే కీలు ఉండి చక్రంతో పాటు వాలే ఇరుసు) ఉన్నదాని కంటే తర్వాత వచ్చిన, రెండు చివర్లా కీళ్లున్న ఇరుసుల సస్పెన్షన్ ఉన్నది తీసుకోండి, కిట్ దానికి సరిపడేదైతేనే సుమా. స్వింగ్ యాక్సిల్ బండిలో మలుపు మధ్య ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే బయటి వైపు వెనక చక్రం లోపలికి ముడుచుకుని బండి తిరిగిపోగలదు.

ప్రశ్న: కొత్త ఫైబర్‌గ్లాస్ బాడీకి వెంటనే రంగు వేయించవచ్చా? నక్షత్రం ఆకారంలో సన్నని పగుళ్లు రెండు మూడు చోట్ల కనిపిస్తున్నాయి.

జవాబు: వెంటనే వద్దు. అచ్చులోంచి తీశాక కూడా రెసిన్ (నారను పట్టి ఉంచే జిగురు) కొన్ని వారాలపాటు గట్టిపడుతూ, కుంచించుకుపోతూ ఉంటుంది. ఈలోగా రంగు వేస్తే కొద్ది నెలల్లో లోపలి నార అల్లిక పైకి కనిపిస్తుంది. నలుపు, ముదురు నీలం వేడెక్కువ పీలుస్తాయి కనుక వాటిలో ఇది ఇంకా త్వరగా బయటపడుతుంది. బాడీని ఛాసిస్ మీదే బిగించి ఉంచి ఎండ తగలనివ్వండి. విడిగా పెడితే ఆకారం సడలుతుంది. తలుపుల సందులు సరిచేయడం కూడా ఇంజిన్ బరువు ఛాసిస్ మీదికి వచ్చి, బండి తన నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. నక్షత్రపు పగుళ్లు వెనకనుంచి తగిలిన దెబ్బవో, జెల్‌కోట్ (బాడీ పైపొర) మరీ మందమైనందువల్ల వచ్చినవో అయి ఉంటాయి. పైన పుట్టీ పూస్తే మళ్లీ తేలతాయి. పగులు మొదలు కంటా గ్రైండ్ చేసి, నారమట్టం వరకు వెళ్లి, కొత్త నార, రెసిన్ వేసి నింపాలి.

ప్రశ్న: బ్రేక్ వేస్తే ఇండికేటర్ కూడా మినుకుమంటోంది. హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి. బల్బులు, ఫ్యూజులు బాగానే ఉన్నాయి.

జవాబు: ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) చూడండి. ఇనుప బాడీ కార్లలో రేకే తిరుగు దారి. కిట్ కార్ల ఫైబర్‌గ్లాస్ బాడీలో కరెంటు పారదు కాబట్టి ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ వైరు లాగి ఛాసిస్ మీద పూత గీకిన చోట బిగించాలి. ఆ దారి లేనప్పుడు కరెంటు పక్క బల్బు గుండా వెళ్తుంది, అందుకే ఇండికేటర్ మినుకు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు మందపాటి పట్టీ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే స్టార్టరు కరెంటు క్లచ్ కేబుల్ లాంటివాటి గుండా పోయి వాటిని కాలుస్తుంది.

ప్రశ్న: కోబ్రా కిట్ పూర్తయింది. గంటకు 80 కిలోమీటర్లు దాటితే బండి లోపలి నేల వణుకుతోంది. చక్రాలు రెండుసార్లు బ్యాలెన్స్ చేయించాం.

జవాబు: ఈ బండిలో ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు శక్తిని చేరవేసే తిరిగే గొట్టం) చాలా పొట్టిది, అందువల్ల చిన్న ఎత్తు తేడా కూడా పెద్ద కోణంగా మారుతుంది. బండిని చక్రాల మీద నిలబెట్టి, కోణమానంతో గేర్‌బాక్స్ వెనక చివర, షాఫ్ట్, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) ముందు చివర కొలవండి. రెండు యూనివర్సల్ జాయింట్ల (షాఫ్ట్ చివర్లలో వంగే కీళ్ల) దగ్గరా కోణం దాదాపు సమానంగా, ఒకదానికొకటి ఎదురుదిశలో ఉండాలి. 1 నుంచి 3 డిగ్రీలు మంచిది. బొత్తిగా సున్నా చేయకండి. జాయింటు కదలకపోతే లోపలి సూది బేరింగులు ఒకే చోట నొక్కుకుని గాట్లు పడతాయి. గేర్‌బాక్స్ మౌంటు కింద పలచటి రేకు ముక్కలు చేర్చి సరిచేయవచ్చు. షాఫ్ట్ రెండు చివర్ల యోకులు (జాయింటును పట్టే కొమ్ములు) ఒకే వరసలో ఉన్నాయా అన్నది కూడా అప్పుడే చూడండి. పొడవు తగ్గించి వెల్డ్ చేసిన షాఫ్టుల్లో ఆ పొరపాటు తరచూ జరుగుతుంది.