రెండు పలకల ఫైల్ మేనేజర్ ఎవరికి ఉపయోగం?

విండోస్‌లో ఫైళ్లు చూసే ఎక్స్‌ప్లోరర్ ఉండగా, రెండు ఫోల్డర్లను పక్కపక్కనే చూపే రెండు పలకల ఫైల్ మేనేజర్ ఎందుకని ఒకరు అడిగారు. రోజూ ఫైళ్లు ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చేవారికి అది తప్పక ఉండాలంటాను.

హైదరాబాద్‌లో పెళ్లి ఫొటోలు తీసే మా స్టూడియోనే చూడండి. ఎడమ పలకలో కెమెరా మెమరీ కార్డు, కుడి పలకలో హార్డ్ డిస్కు. ఫొటోలను ఎంచుకుని ఎఫ్5 నొక్కితే ఎదుటి పలకలోకి కాపీ అవుతాయి, ఎఫ్6 నొక్కితే తరలిపోతాయి. ట్యాబ్ మీటతో పలక మారవచ్చు. మౌస్‌తో పని చాలా తక్కువ. 1986లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వచ్చిన నార్టన్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్ నాటి మీటలే ఇవి.

నాకు అన్నిటికన్నా విలువైనది రెండు ఫోల్డర్లను పోల్చి చూసే సౌకర్యం. పేరు, పరిమాణమే కాదు, ఫైలు లోపలి సమాచారాన్ని కూడా సరిపోల్చమని చెప్పవచ్చు. ముహూర్తం మళ్లీ రాదు కదా, అందుకే ఈ పోలిక పూర్తికాకుండా మేము ఏ కార్డునూ ఖాళీ చేయం.

ఇలాంటి ఫైల్ మేనేజర్లలో టోటల్ కమాండర్‌ను కొంతకాలం వాడి చూశాక కొనుక్కోవాలి. డబుల్ కమాండర్ ఉచితం, లినక్స్‌లోనూ పనిచేస్తుంది. మొదలుపెట్టడానికి అదే చాలు.

ఒక్క జాగ్రత్త: ఎఫ్8 తొలగించే మీట. మెమరీ కార్డులో తొలగించినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. నొక్కే ముందు ఏ పలకలో ఉన్నారో చూసుకోండి.