ఆపడం అందరికీ వచ్చు, వదలడం నేర్చుకో

చిరంజీవి హారికకు,

పెద్దమ్మ ఆశీస్సులు. గచ్చిబౌలి బ్యాంకు ఆఫీసులో ఆంక్షల విభాగంలో చేరావనీ, సోమవారం నుంచి ట్రైనింగనీ మీ అమ్మ చెప్పింది. విశాఖలో ముప్ఫై ఏళ్లు ఎగుమతి బిల్లులు చూసినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. కాకినాడ మిల్లరు ఒకాయన పశ్చిమ ఆఫ్రికాకు ఉప్పుడు బియ్యం పంపాడు. కొన్నవాళ్లు డాలర్లు కట్టేశారు, ఆ డబ్బు మాత్రం న్యూయార్క్‌లో ఆగిపోయింది. బియ్యం తీసుకెళ్లిన ఓడ పేరు అమెరికా ఆంక్షల జాబితాలో ఉన్న ఇరాన్ ఓడ పేరుతో కలిసిందట. అమెరికా ఖజానా శాఖలో ఆంక్షలు చూసే ఓఫాక్ కార్యాలయం 2008లో ఇరాన్ షిప్పింగ్ సంస్థను, దాని ఓడలను జాబితాకెక్కించింది. అప్పటినుంచి వాటి పేర్లూ, ఏ దేశంలో నమోదైందో చెప్పే జెండాలూ మారుతూనే ఉండేవి. నేను మా ఓడ పేరూ, జెండా రాసి ‘ఇది అది కాదు’ అని మెసేజ్ పెట్టాను. ఏం లాభం? మారిపోయేవి ఆ రెండే కదా! పేరు మారినా, యజమాని మారినా ఓడతోపాటే ఉండేది ఏడంకెల ఐఎంఓ నంబరు, అంటే ఓడ గుర్తింపు సంఖ్య. అది మూడో మెసేజ్‌లో గానీ రాయలేదు. మూడు వారాలు పోయాయి. ఆ మిల్లరు రోజూ వచ్చి నా బల్ల ఎదురుగా కూర్చునేవాడు. గొడవ చేసేవాడు కాదు. చేతిలోని లారీ రసీదులు మడతపెట్టేవాడు, మళ్లీ విప్పేవాడు. ధాన్యం ఇచ్చిన రైతులకు ఇంకా డబ్బివ్వలేదని ఒక్కసారే అన్నాడు.

అందుకే చెబుతున్నాను తల్లీ. పేరు కలిసిందని అలర్ట్ రాగానే చెల్లింపు ఆపడానికి చదువు అక్కర్లేదు, కంప్యూటరే ఆపుతుంది. ఎప్పుడు వదలాలో, ఏ కాగితం చూసి వదలాలో తెలియడానికే నీకు ఈ ట్రైనింగ్.

ఏది ఎవరి చట్టమో ముందు తేల్చుకో. మన దేశం చట్టపరంగా అమలు చేసేది ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆంక్షలను. దానికి 1947 నాటి చట్టం ఉంది, ఉగ్రవాద జాబితాలకు చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా)లో 51ఎ సెక్షన్ ఉంది. ఓఫాక్ జాబితా మన చట్టం కాదు. అయినా మన బ్యాంకులు దానికి ఎందుకు భయపడతాయంటే, డాలర్ చెల్లింపు దాదాపు ఎప్పుడూ అమెరికా బ్యాంకు మీదుగానే పోవాలి. సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీల మీద 2014లో ఫ్రాన్స్‌కు చెందిన బీఎన్‌పీ పారిబా బ్యాంకు అమెరికాకు దాదాపు 897 కోట్ల డాలర్లు జరిమానాగా కట్టడానికి ఒప్పుకుంది. ఆ దెబ్బ తర్వాత బ్యాంకులు నీడను చూసి కూడా ఉలిక్కిపడడం మొదలైంది.

50 శాతం నియమం మీద మాత్రం నిదానంగా కూర్చో. జాబితాలో ఉన్న ఒకడికి 30 శాతం, ఇంకొకడికి 20 శాతం వాటా ఉంటే, ఆ కంపెనీ పేరు ఎక్కడా కనిపించకపోయినా ఓఫాక్ లెక్కలో అదీ జాబితాలో ఉన్నట్టే. బ్రిటన్‌లో అయితే 50 దాటాలి, దానికి తోడు పెత్తనం ఎవరిదో కూడా చూస్తారు. గుజరాత్ వాడినార్‌లో రిఫైనరీ ఉన్న నయారా ఎనర్జీని తీసుకో. అందులో రష్యా వారి రోస్‌నెఫ్ట్ వాటా 49.13 శాతం. అంటే ఆ వాటా ఒక్కటే చూస్తే గీత దాటలేదు. కానీ ఐరోపా సమాఖ్య 2025 జులైలో నయారా పేరునే నేరుగా తన జాబితాలో చేర్చింది. కాబట్టి వాటాల పట్టిక నువ్వే చేత్తో గీసుకో. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన బొమ్మను నమ్మి సంతకం పెట్టకు.

ఆర్థికం క్లాసులో నిద్రపోవద్దు. రష్యా ముడిచమురు మీద పాశ్చాత్య దేశాలు 2022 డిసెంబరు 5న పెట్టిన బ్యారెల్‌కు 60 డాలర్ల గరిష్ఠ ధర అర్థమైతే సగం సబ్జెక్టు వచ్చినట్టే. ఆ చమురు మార్కెట్లోకి రావాలి, లేకపోతే అందరికీ ధర మండుతుంది. కానీ రష్యాకు మిగిలేది తగ్గాలి. దానికి వాళ్లు పట్టుకున్న జుట్టు ఓడల బీమా. ధర దాటితే పాశ్చాత్య బీమా దొరకదు. దాంతో పాత ట్యాంకర్లు, తెలియని బీమాలు పుట్టుకొచ్చాయి. 2022 ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో 2 శాతం కూడా లేని రష్యా చమురు 2024 నాటికి మూడో వంతు దాటిపోయింది. ఏ ఆంక్ష పెట్టినా సరుకు ఎటు దారి మళ్లుతుందో ముందే అడుగు.

నాకు ఇప్పటికీ కడుపు మండేది మందుల విషయంలో. మందులకూ ఆహారానికీ మినహాయింపు కాగితం మీద ఏళ్లుగా ఉంది. అయినా డబ్బు దాటించే బ్యాంకు దొరక్క ఇరాన్‌లో రోగులు మందులకు అల్లాడారు. మానవతా సాయానికి మినహాయింపునిస్తూ 2022 డిసెంబరులో భద్రతా మండలి 2664 తీర్మానం చేసింది. ఉగ్రవాద సంస్థలు దాన్ని వాడుకుంటాయన్న ఆందోళనతో మన దేశం ఒక్కటే ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఆ ఆందోళన నిజమే, రోగి అవసరమూ నిజమే. నీ బల్ల మీదికి మందుల ఫైలు వస్తే మినహాయింపు, లైసెన్సు ఏమున్నాయో అదే రోజు వెతుకు. ‘పెండింగ్’ అని పక్కన పెట్టకు.

సర్టిఫికెట్ పరీక్షలు ఆరు నెలలు పని చేశాక రాయి. అప్పుడే ప్రశ్నల్లో మనుషులు కనిపిస్తారు.

ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి. మూడంచెల వాటాల లెక్క ఒకటి తయారుచేసి ఉంచాను, నోటితో చెప్పాలి.

మీ పెద్దమ్మ