కుక్కపిల్ల నోటికి అందే వస్తువుల గురించి మా అమ్మాయికి రాసిన ఉత్తరం

ప్రొద్దుటూరు

చిరంజీవి సౌభాగ్యవతి లావణ్యకు పెదనాయన ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మూడు నెలల లాబ్రడార్ పిల్ల ఇంట్లో చెప్పులు, ఛార్జరు వైరు, సోఫా మూలలు, చివరికి మీ అత్తగారి చేతికర్ర కూడా కొరికేస్తోందని, తిట్టినా కొట్టినా మానడం లేదని మొన్న ఫోనులో చెప్పావు. ఆ కాస్త మాటల్లో తేలే విషయం కాదు కనుక, నువ్వూ అల్లుడుగారూ తీరికగా చదువుకుంటారని ఉత్తరమే రాస్తున్నాను. పశువైద్యశాలలో పనిచేసినన్నాళ్లూ ఈ ఫిర్యాదు విన్నవాణ్ణి, ఇప్పటికీ ఈ వీధిలో వాళ్లు నాకే చెప్పుకుంటారు. అందరికీ చెప్పేది ఒకటే. కొరకడం మాన్పించాలనే ఆలోచన ముందు మానుకోండి. ఏది కొరుకుతోంది అన్నదానికంటే ఏది మింగగలదు అన్నది చూడండి.

కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. నాలుగో నెల వచ్చే ప్రాంతంలో అవి ఊడడం మొదలై, ఏడో నెల నాటికి వాటి స్థానంలో 42 గట్టిపళ్లు వస్తాయి. ఆ కాలమంతా చిగుళ్లు సలుపుతూ ఉంటాయి, దానికి ఏదో ఒకటి నమిలితే తప్ప తోచదు. పళ్లు వచ్చేసిన తరువాత కూడా, ముఖ్యంగా లాబ్రడార్ జాతిలో, ఏడాదిన్నర రెండేళ్ల వరకు ఈ అలవాటు పూర్తిగా పోదు. పైగా ఆ జాతికి తిండియావ ఎక్కువ, నోట్లోకి వచ్చినదాన్ని ఉమ్మేయడం కంటే మింగేయడమే దానికి సులువు. దెబ్బలు కొడితే అది నేర్చుకునేది నీ ఎదుట కొరకకూడదని మాత్రమే. మంచం కిందికి వెళ్లి కొరుకుతుంది, నువ్వు వస్తున్న చప్పుడు వింటే నోట్లో ఉన్నదాన్ని గబుక్కున మింగుతుంది. కొట్టడం వల్ల కలిగే ఈ రెండో నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కనుక మారవలసింది ముందు ఇల్లు. ఒక పూట తీరిక చేసుకుని, ప్రతి గదిలోనూ నేల మీద బోర్లా పడుకుని చుట్టూ చూడు. నిలబడి చూస్తే శుభ్రంగా కనిపించే గదిలో, మంచం కింద మాత్రల రేకు, బీరువా వెనక కలరా ఉండ, కుట్టుమిషను కాళ్ల దగ్గర దారంతో సహా పడిన సూది కనిపిస్తాయి. పాకే పిల్లవాడు ఉన్న ఇంటిని సర్దినట్టే ఇదీ, కాకపోతే ఈ పిల్లకు పళ్లున్నాయి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా దానికి అడ్డం కాదు.

బెంగళూరు వాళ్లు చెప్పే జాగ్రత్తలలో కరెంటు తీగలు, చాక్లెట్లు ముందు వస్తాయి. అవి నిజమే. అయితే కళ్యాణదుర్గం దగ్గర చేను ఉండి, అనంతపురంలో కాపురం ఉన్న ఇంటికి మొదటి ప్రమాదం సామాను గదిలో ఉంటుంది. జూన్, జూలై నెలల్లో విత్తే ముందు చెనిక్కాయ విత్తనాలకు పురుగుమందు, తెగులు మందు పట్టించి ఆరబెడతారు కదా, మిగిలిన విత్తనం గోనెసంచిలో అడుగున ఉండిపోతుంది. చెనిక్కాయ రుచి కుక్కకు ఇష్టం. రంగు చూసి అది మందు పట్టిన విత్తనమని మనం గుర్తుపడతాం, కుక్క గుర్తుపట్టదు. పిచికారీ చేసిన తరువాత ఖాళీ డబ్బాలు, కవర్లు "కడిగేశాం కదా" అని ఇంటికి తేవడం మన వైపు ఉన్న చెడ్డ అలవాటు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు కొంచెం నోట్లోకి పోయినా చొంగ కారడం, కళ్ల నీళ్లు, కంటిపాపలు సూదిమొనలంత చిన్నవి కావడం, కండరాలు అదరడం వరుసగా వస్తాయి. దానికి విరుగుడైన అట్రోపిన్ ఇంజెక్షను సమయానికి పడితే కొన్ని బతుకుతాయి. డబ్బాలు, విత్తనం, మందు కొట్టే చేతిపంపు అన్నీ తాళం వేసే గదిలో, నేలకు అందని ఎత్తులో ఉండాలని అల్లుడుగారికి నా మాటగా చెప్పు.

ఎలుకల మందు గురించి కాస్త వివరంగా రాయాలి. చేలో వాడే జింకు ఫాస్ఫైడు నూకల్లో నూనెతో కలుపుతారు, ఆ నూనె వాసన ఎలుకతో పాటు కుక్కనూ పిలుస్తుంది. కడుపులోని ఆమ్లం తగలగానే ఆ మందు నుంచి ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది, దానికి విరుగుడు లేదు. అటువంటిది తిన్నదని అనుమానం వస్తే అన్నం పెట్టకూడదు, ఎందుకంటే తిండి పడితే కడుపులో ఆమ్లం పెరిగి వాయువూ పెరుగుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు కారు అద్దాలు దించి ఉంచాలి, ఆ పిల్ల వాంతి చేసుకుంటే ఆ గాలి మీకూ హాని. ఇళ్లలో వాడే బ్రొమాడియోలోన్ బిళ్లల తీరు వేరు. తిన్న రోజున, మరునాడు కుక్క హుషారుగానే ఉంటుంది, అందుకని అందరూ ధైర్యపడతారు. రెండు మూడు రోజులు గడిచాక చిగుళ్లు పాలిపోయి, ముక్కులోనుంచో విరేచనంలోనో రక్తం కనిపిస్తుంది. దీనికి విటమిన్ కె1 అనే మంచి మందు ఉంది, కాని వారాల తరబడి వాడాలి, రక్తం కనిపించకముందే మొదలుపెడితే గండం తప్పినట్టే. అందుకే ఏ ఎలుకమందైనా దాని అట్టపెట్టె పారేయకుండా దాచమంటాను, పేరు తెలిస్తేనే వైద్యం తెలుస్తుంది.

మిద్దె మీద పూలకుండీలకు నువ్వు వేసే ఆముదపు పిండిని కూడా ఈ వరుసలోనే చేర్చుకో. అది ఎరువుగా మంచిదే, కాని దానిలో రైసిన్ అనే విషం ఉంటుంది, దాని వాసనకు కుక్కలు మట్టి తవ్వి మరీ తింటాయి. దాని బదులు పశువుల ఎరువు వాడు. గన్నేరు, పచ్చగన్నేరు చెట్లు పిల్లకు అందే చోట ఉంటే తీయించు, వాటి ఆకూ గింజా గుండెకు చేటు.

వంటింటికి వద్దాం. మీ ఇంట్లో ఆదివారం రాగి సంగటి, నాటుకోడి పులుసు తప్పవని నాకు తెలుసు. ఉడికిన ఎముక పెళుసుగా చీలుతుంది, ఆ ముక్కలు గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. "మా తాతల కాలం నుంచి కుక్కలకు ఎముకలే వేశాం" అని మీ మామగారు అంటారు. వీధికుక్క చచ్చిపోతే ఎందుకు చచ్చిందో ఎవరూ కోసి చూడలేదు, అంతే. నల్లి ఎముక చక్రం కింది దవడకు ఉంగరంలా బిగుసుకుపోయి, మత్తు ఇచ్చి కోసి తీయవలసి వస్తుంది. ఎండాకాలంలో మామిడి టెంక, వానాకాలంలో మొక్కజొన్న కండె పేగుకు సరిగ్గా అడ్డుపడే కొలతలో ఉంటాయి. వాటిని మూత ఉన్న బుట్టలో కాక, ఏకంగా ఇంటి బయట పారేయండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను చెడగొడతాయి. పాయసంలోని ఎండుద్రాక్ష, మామూలు ద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని ఇటీవలి సంవత్సరాలలో గుర్తించారు, అదే ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంది. రాయలసీమ ఇంట్లో చింతపండు బుట్ట ఎక్కడ ఉంటుందో నీకు చెప్పనక్కరలేదు.

మీ అత్తగారి మోకాళ్ల నొప్పి మాత్రలు తలగడ కింద ఉంటాయని నువ్వే అన్నావు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి. మామగారి చక్కెర వ్యాధి మాత్రల్లో కొన్ని రకాలవి ఒక్కటి మింగినా చిన్న కుక్కపిల్లకు రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ కూడా అదే పని చేస్తుంది, అరగంటలోనే చేయగలదు. మాత్రలన్నింటినీ ఒక స్టీలు డబ్బాలో వేసి అలమరలో పై అరన పెట్టండి. పూజగదిలో కర్పూరం, నూనెలో తడిసిన వత్తులు కూడా కింద ఉంచవద్దు.

గుడ్డలు, మేజోళ్లు, స్నానాల గదిలోని చెత్తబుట్టలో పడే ప్యాడ్లు, పాప డైపర్లు కడుపులోకి పోయాక తేమకు ఉబ్బి పేగును మూసేస్తాయి. దారం మరీ చెడ్డది. ఒక కొస ఎక్కడో చిక్కుకుంటే, పేగు దాని మీద ముడతలు పడి కోసుకుపోతుంది. నోటి నుంచి గాని వెనక నుంచి గాని దారం వేలాడుతూ కనిపిస్తే లాగవద్దు, కత్తిరించవద్దు, అలాగే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లు. గోడ గడియారంలోని సెల్లు, రిమోటులోని బిళ్ల సెల్లు కొరికినా మింగినా నోటిని, అన్నవాహికను గంటల్లో కాల్చేస్తాయి. తీగల సంగతి క్లుప్తంగా చెప్తాను. వాడనప్పుడు ప్లగ్గు పీకేయండి, మిగిలినవి గోడకు పట్టీలు కొట్టి పైకి లేపండి. తీగ కొరికి పడిపోతే ముందు మెయిన్ ఆపి, తరువాతే పిల్లను తాకాలి. లేచి తిరిగినా సరే, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తరువాత కూడా జరగవచ్చు కనుక ఆ రోజు వైద్యునికి చూపించి తీరాలి.

ఇన్ని తీసేశాక నమలడానికి ఏదో ఒకటి ఇవ్వకపోతే అది తలుపుచెక్క పట్టుకుంటుంది. గట్టి రబ్బరు బొమ్మలు, లోపల బోలుగా ఉండేవి, అనంతపురంలో దొరకకపోతే ఆన్‌లైనులో వస్తాయి. దాని నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దది కొను. చల్లారిన రాగి సంగటిలో ఉప్పు వేయని పెరుగు కలిపి ఆ బోలులో కూరి ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే, మన ఎండలకు చిగుళ్లకు హాయిగా ఉంటుంది, దానికి అరగంట పని దొరుకుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన పెద్ద క్యారెట్టు కూడా మంచిదే, నువ్వు దగ్గర ఉన్నప్పుడు మాత్రమే ఇవ్వు. బొటనవేలి గోటితో నొక్కితే గుర్తు పడనంత గట్టి వస్తువు పళ్లను విరుస్తుంది, వద్దు. పాత చెప్పు ఇవ్వకు, పాతదీ కొత్తదీ దానికి తేడా తెలియదు. సామానుకు కారం పూయమని చెప్పేవాళ్ల మాట వినకు, అది కళ్లలోకి పోతే పిల్ల అల్లాడిపోతుంది, అయినా కొరకడం మానదు.

నోట్లో ఏదైనా పట్టుకున్నప్పుడు వెంటపడి లాక్కుంటే అది ఆటగా మారుతుంది, లేదా భయంతో మింగుతుంది. ఉడికించిన కోడిమాంసం ముక్క చూపించి "వదులు" అను, వదలగానే ముక్క పెట్టు. ప్రమాదం లేని వస్తువులతో రోజూ ఈ ఆట ఆడిస్తే, అసలు ప్రమాదం వచ్చిన రోజున ఆ మాట పనికివస్తుంది. మాట మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి, నువ్వు "వదులు" అని, అల్లుడుగారు ఇంగ్లీషులో ఇంకొకటి అంటే పిల్లకు ఏదీ ఎక్కదు.

అయినా ఒకనాడు ఏదో మింగుతుంది. అప్పుడు ఏమి మింగింది, ఎంత, ఎన్ని గంటలకు అనే మూడు సంగతులూ కాగితం మీద రాసి, మిగిలిన ముక్కనో అట్టపెట్టెనో వెంట తీసుకుని బయలుదేరు. కడుపులోనుంచి వాంతి చేయించి తీయడం సాధారణంగా మొదటి రెండు గంటల్లోనే పనికివస్తుంది, అదీ వైద్యుడు చేయించాలి. కిరోసిన్, బాత్రూము ఆసిడ్, సున్నం, సెల్లు, సూది వంటివి మింగినప్పుడు వాంతి చేయిస్తే రెండోసారి గాయపరిచినట్టే అవుతుంది. ఉప్పునీళ్లు తాగించడం మన ఊళ్లలో ఇంకా ఉంది, ఆ ఉప్పు రక్తంలో ఎక్కువై మెదడును దెబ్బతీస్తుంది. పాలు, చింతపండు రసం విషాన్ని విరుస్తాయన్నది కూడా వట్టి మాట.

ఏమీ మింగినట్టు చూడకపోయినా, తిన్నదల్లా పదేపదే కక్కుతూ, తిండి మాని, కడుపు ముట్టుకోనీయకుండా వీపు వంచి నిలబడితే, విరేచనం రాక ముక్కుతూ ఉంటే పేగు అడ్డుపడిందేమోనని అనుమానించాలి, తెల్లవారే వరకు ఆగకూడదు. ఎక్స్‌రేలో లోహం, ఎముక కనిపిస్తాయి, గుడ్డ, ప్లాస్టిక్, మామిడి టెంక కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది" అన్నా వాంతులు ఆగకపోతే అల్ట్రాసౌండు స్కానింగు అడుగు. అనంతపురంలో రాత్రిపూట ఏ వైద్యుడు ఫోను ఎత్తుతాడో ఇప్పుడే కనుక్కుని నంబరు వంటింటి గోడ మీద అంటించు. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది, అది ప్రధానంగా పాడిపశువుల కోసం ఏర్పడినది, అయినా రాసి ఉంచు. పెద్ద ఆపరేషను అవసరమైతే తిరుపతి పశువైద్య కళాశాలకో, ఇక్కడ మా ప్రొద్దుటూరు కళాశాలకో రావచ్చు. ఇక్కడికి వస్తే వెంట నేనుంటాను.

పిల్లను పదిహేను రోజులకు ఒకసారి తూచి బరువు క్యాలెండరు మీద రాస్తూ ఉండు. ఏ మందైనా బరువును బట్టే వేస్తారు, ఫోనులో నేనైనా అక్కడి డాక్టరైనా మొదట అడిగేది అదే. మీ అత్తమామలు వాడే మాత్రల పేర్లన్నీ రాసి నాకు పంపితే, వాటిలో ఏవి మరీ ప్రమాదమో గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను. మీ పెద్దమ్మ నిన్నూ పాపనూ అడిగినట్టు చెప్పమంది.

ఆశీస్సులతో,
మీ పెదనాయన