కాలువ నీటి ల్యాబ్ నివేదికను ఎందుకు ఒప్పుకోలేదంటే

మీ ల్యాబ్ నివేదికను ఎందుకు ఒప్పుకోలేదని అడిగారు. లోపం నీటి నమూనా తీసిన పద్ధతిలో ఉంది. ఆటోనగర్ వైపు ఒక కర్మాగారం కాలువలోకి వదులుతున్న నీటిని మీరే సీసాలో పట్టి, ప్రైవేటు ల్యాబ్‌లో పరీక్ష చేయించానని రాశారు. ఆ ఫలితం నిజమే కావచ్చు. అయినా 1974 నాటి జల కాలుష్య చట్టం కింద కేసులో సాక్ష్యంగా నిలవదు.

1. సెక్షన్ 21 ప్రకారం నమూనా తీయాలని కాలుష్య నియంత్రణ మండలిని రాతపూర్వకంగా కోరి, రసీదు తీసుకోండి. నీరు వదిలే వేళ తప్పక రాయండి. రాత్రి వదిలే నీటికి పగటి తనిఖీ వల్ల ఉపయోగం లేదు.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: అధికారి నమూనా తీసిన వెంటనే యాజమాన్యానికి నోటీసు ఇచ్చి, వారి సమక్షంలో దాన్ని రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరువర్గాల సంతకాలతో ల్యాబ్‌కు పంపాలి. ఇందులో ఏది తప్పినా ఆ నివేదిక కోర్టులో చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది కనుక, ఈ క్రమాన్ని మీ అర్జీలోనే పేర్కొనండి.

3. మండలి కదలకపోతే పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చెన్నైలో ఉన్న దక్షిణ ధర్మాసనాన్ని ఆశ్రయించవచ్చు. సాక్ష్య నిబంధనలకు ట్రిబ్యునల్ కట్టుబడి ఉండనవసరం లేదు కాబట్టి, మీ పాత నివేదికను అక్కడ జతచేయండి. పరిహారం కోరకపోతే రుసుము 1,000 రూపాయలే.

జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే గడువు, వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలలు. తగిన కారణం చూపినా మరో 60 రోజులకు మించి ఇవ్వరు. మీరు నాలుగు నెలల క్రితమే గమనించారు. దయచేసి ఈ వారమే మండలికి అర్జీ ఇవ్వండి.