పూలు రాలిన ఆర్కిడ్‌కి మట్టి మార్చాలా?

ప్రశ్న: గృహప్రవేశానికి ఫ్రెండ్స్ చిన్న కుండీలో తెల్లపూల ఆర్కిడ్ ఇచ్చారండి. రెండు నెలలు బానే ఉంది, తర్వాత పూలన్నీ ఒక్కోటీ రాలిపోయాయి. ఇప్పుడేమో ఆకులు మెత్తబడి వేలాడిపోతున్నాయి, వేర్లు కుండీ బయటికి వచ్చేస్తున్నాయి. నీళ్లు మాత్రం రోజూ పోస్తున్నా. మంచి ఎర్రమట్టి వేసి పెద్ద కుండీలోకి మార్చమంటున్నారు మా అత్తయ్య. మార్చమంటారా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మట్టి మాత్రం వద్దమ్మా, అత్తయ్యగారికి కాస్త నెమ్మదిగా చెప్పండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ అయ్యుంటుంది, గిఫ్టుగా ఇచ్చేవాటిల్లో ఎక్కువ అదే. అడవిలో చెట్ల కొమ్మలు పట్టుకుని బతికే మొక్క అది, దానికి వేర్లకి గాలి ఆడాలి, అందుకే బయటికి వస్తున్నాయి, వాటిని కొయ్యకండి, లోపలికి కుక్కకండి. పూలు రెండు మూడు నెలలుండి రాలడం మామూలే. అసలు సంగతి ఆకులు. రోజూ నీళ్లు పోస్తుంటే కూడా వాడిపోయాయంటే లోపల వేర్లు కుళ్లుంటాయి, కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కదా, మనమేమో దాహం అనుకుని ఇంకాస్త పోస్తాం. ఆర్కిడ్లు ఎండి చచ్చేకంటే ఇలా చచ్చేవే ఎక్కువ.

మొక్కని బయటికి తీసి చూడండి. గట్టిగా ఉన్న వేర్లు ఉంచేసి, నొక్కితే మెత్తగా, గోధుమరంగులో ఉన్నవి శుభ్రమైన కత్తెరతో తీసేసి, కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్ది ఒక రోజు నీడలో ఆరనివ్వండి. తర్వాత చుట్టూ చిల్లులున్న నాలుగైదు అంగుళాల కుండీ చాలు, పెద్దది అక్కర్లేదు. అందులో బొగ్గు, ఇటుక ముక్కలు, నానబెట్టి కడిగిన కొబ్బరిపీచు ముక్కలు కలిపి నింపండి. బొగ్గంటే ఇస్త్రీబండి వాళ్ల దగ్గరుండే కట్టెబొగ్గే, మాల్స్‌లో ఆర్కిడ్ మిక్స్ అని ప్యాకెట్ కొననక్కర్లేదు.

ఇక నీళ్లకి రోజులు లెక్కపెట్టొద్దు, వేరు రంగు చూడండి. ఆకుపచ్చగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టు, వెండిలా తెల్లబడితే పొయ్యొచ్చు. పోసేది ఉదయం పూట, కిందనుంచి కారిపోయేదాకా పోసి ప్లేట్లో నిలిచిన నీళ్లు పారబోయండి, ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలవనివ్వకండి, అక్కడ కుళ్లిందంటే మొక్క బతకడం కష్టం. మీ బోరు నీళ్లకి కుండీ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంటే వాన నీళ్లో ఆర్వో నీళ్లో వాడండి. తూర్పు బాల్కనీలో ఉదయపు ఎండ చాలు, పడమటి ఎండలో పెడితే మే నెలలో ఆకులు కాలిపోతాయి. కొత్త వేర్లు వచ్చేదాకా ఎరువు ఊసెత్తకండి, ఆ తర్వాత 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) ప్యాకెట్ మీద రాసిన దాంట్లో పావు వంతు, రెండు వారాలకోసారి. మళ్లీ పూలకి రాత్రి వేడి 13 నుంచి 18 డిగ్రీల మధ్య కొన్ని వారాలుండాలి, అది హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరిలో ఊరికే దొరుకుతుంది. పాత పూలకాడ మొదలంటా తీసేయండి, ముందు మొక్క కోలుకోవాలి, అది తేరుకున్నాక పూల సంగతి చూద్దాం.

ప్రశ్న: మాది కాకినాడ, ఇక్కడ ఉక్కకి ఆర్కిడ్ బతుకుతుందా సార్?

జవాబు: బతుకుతుంది, అయితే ఫెలనాప్సిస్ కాకుండా డెండ్రోబియం అనే రకం ఆర్కిడ్ తెచ్చుకోండి, ఉక్క దానికిష్టమే, వెలుతురు కూడా ఎక్కువే కావాలి. కడియం మీకు దగ్గరే, నర్సరీల్లో అడిగి చూడండి. ఆకులు రాలిన పాత కాడలు ఎండిపోయాయనుకుని కోసేస్తారు చాలామంది, మొక్క తన తిండీ నీళ్లూ దాచుకునేది వాటిల్లోనే, ముడుచుకుని పూర్తిగా ఎండేదాకా ఉంచండి.

ప్రశ్న: పాడేరు వైపు వెళ్తే చెట్ల మీద ఆర్కిడ్లు కనిపించాయి, ఒకటి తెచ్చి మా మామిడిచెట్టుకి కడితే చెట్టుకి నష్టమా?

జవాబు: చెట్టుకేం కాదు, చెట్టు రసం పీల్చే బదనిక వేరే మొక్క, ఆర్కిడ్ ఊరికే పట్టుకుని ఉంటుంది అంతే. కానీ అడవిలోంచి పీక్కురావద్దండి, అవి అసలే తగ్గిపోతున్నాయి. నర్సరీలో వాండా అనే రకం ఆర్కిడ్ కొని కొబ్బరితాడుతో కట్టండి, వేర్లు కొమ్మని పట్టుకున్నాక తాడు తీసేయొచ్చు.